తెగినంత మేరకే కుట్టాలా, పూర్తిగా విడదీసి కుట్టాలా?

ఈ నెల మా శీర్షికకు అందిన ఉత్తరాలలో పల్నాడు జిల్లా దుర్గి నుంచి వచ్చిన ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. రాసినది ఒక యువకుడు. ఆయన తండ్రిగారి వయసు 54 సంవత్సరాలు. చిన్ననాట ఇంటి వృత్తి అయిన దూదేకే పని నేర్చుకున్నారు. పరుపుల దుకాణాలు పెరిగి విల్లు మూలన పడిన తరువాత మిర్చి బస్తాలు ఎత్తే హమాలీ పనిలో స్థిరపడ్డారు. ఎనిమిది నెలలుగా కుడి భుజం నొప్పి. పగలు ఎలాగో నెట్టుకొస్తున్నా రాత్రి ఆ వైపు ఒత్తిగిలితే నిద్ర ఉండదు. ఎంఆర్ఐ తీయించారు. భుజంలోని స్నాయువు పాక్షికంగా తెగిందని నివేదిక వచ్చింది.

అక్కడి నుంచి అసలు చిక్కు మొదలయింది. మొదట చూపించిన శస్త్రవైద్యుడు, మిగిలి ఉన్న పొరను అలాగే ఉంచి తెగిన లోపలి పొరను మాత్రం ఎముకకు కుడతానన్నారు. రెండవ అభిప్రాయం కోసం వెళ్లిన చోట, ఆ మిగిలిన పొరను కూడా తీసివేసి, స్నాయువు అంచును పూర్తిగా విడదీసి, కొత్తగా ఎముకకు బిగిస్తానన్నారు. ఫిజియోథెరపిస్టు మాత్రం కత్తి అవసరమే లేదన్నారు. "తెగకుండా మిగిలినదాన్ని కూడా తెంపుతాననే డాక్టరును మేము ఎలా నమ్మాలి?" అని ఆ కుమారుని ప్రశ్న. మిర్చి వచ్చే రోజులు దగ్గర పడుతున్నాయి, ఇప్పుడు శస్త్రచికిత్స అంటే ఆ సంపాదన పోయినట్లే అని ఉత్తరం చివర రాశారు.

మేము ఆయనను పరీక్షించలేదు, పటాలు చూడలేదు. కనుక ఫలానా శస్త్రచికిత్సే చేయించండి అని చెప్పలేము. అయితే ఆ ఇద్దరు వైద్యులలో ఎవరూ మోసగిస్తున్నారని అనుకోవలసిన పని లేదని మాత్రం ముందే చెప్పగలం. ఈ రెండు పద్ధతులూ ప్రపంచమంతటా ఆచరణలో ఉన్నవే. ఎముకల వైద్యుల మధ్య పాతికేళ్లకు పైబడి సాగుతున్న చర్చ మీ ఇంటి గడప దాకా వచ్చింది, అంతే.

భుజపు కీలు నిర్మాణం ముందు తెలియాలి. చేయి ఎముక పైకొన గుండ్రంగా, బంతిలా ఉంటుంది. అది కూర్చునే గుంట మాత్రం చాలా లోతు తక్కువది. అందుకే భుజం అన్ని దిక్కులకూ తిరుగుతుంది, అందుకే తొందరగా పట్టు తప్పుతుంది కూడా. ఆ బంతిని గుంటలో నిలిపి ఉంచేవి నాలుగు కండరాలు. వాటి స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టివేసే బలమైన కొసలు, బంతి చుట్టూ ఒక పట్టీలా కలిసిపోయి అంటుకుంటాయి. దీనినే రొటేటర్ కఫ్ అంటారు. ఈ నాలుగింటిలో పై భాగాన ఉండి, చేతిని పక్కకు ఎత్తడం ఆరంభించే సూపర్‌స్పైనేటస్ అనే కండరపు స్నాయువే ఎక్కువగా దెబ్బతింటుంది. పైన భుజపు ఎముక కప్పు, కింద చేయి ఎముక బంతి, ఈ రెండింటి నడుమ ఇరుకైన దారిలో అది రోజంతా జారుతూ ఉంటుంది. ఎముకకు అంటుకునే చోట దానికి రక్తప్రసరణ కూడా అంత సమృద్ధిగా ఉండదు.

దానికి రెండు ముఖాలున్నాయి. లోపలి ముఖం కీలు వైపుకు, పై ముఖం భుజపు కప్పు వైపుకు ఉంటాయి. లోపలి ముఖపు పోగులు పై ముఖపు పోగులకన్నా బలహీనమైనవి. అందుకే పాక్షిక చీలికలు ఎక్కువగా లోపలి వైపునే మొదలవుతాయి. అమెరికా శస్త్రవైద్యుడు కాడ్‌మన్ 1934లో భుజం మీద వెలువరించిన గ్రంథంలోనే, ఎముక అంచు వద్ద ఏర్పడే ఈ చీలికలను గుర్తించి వర్ణించారు. అప్పటికి ఎంఆర్ఐ లేదు, కీలులోకి చూసే కెమెరా వాడుకలో లేదు. కేవలం శస్త్రచికిత్సలోను, మరణానంతర పరీక్షలలోను కంటితో చూసి ఆయన చెప్పినది నేటికీ నిలిచి ఉన్నది.

నవారు మంచం ఎరిగిన వారికి సంగతి సులువుగా బోధపడుతుంది. నవారు పట్టీని మంచపు కర్రకు బిగించినప్పుడు, పట్టీ అడుగు పొర కర్ర అంచుకు రాసుకొని పోగులు పోగులుగా విడిపోయినదనుకోండి. పైనుంచి చూసేవారికి పట్టీ బాగానే కనిపిస్తుంది. కాని కూర్చుంటే కిందికి జారుతుంది. ఒకరు అడుగు పొరను మాత్రమే పట్టుకొని మళ్లీ కర్రకు బిగిస్తారు. మరొకరు నలిగిన కొసనంతా కత్తిరించి, గట్టిగా ఉన్న భాగాన్ని కొత్తగా బిగిస్తారు. మొదటిదానిలో పాతది నిలుస్తుంది, నలిగినదీ నిలుస్తుంది. రెండవదానిలో నలిగినది పోతుంది, దానితోపాటు కొంత మంచిదీ పోతుంది. మీ నాన్నగారి విషయంలో ఇద్దరు వైద్యుల మధ్య తేడా ఇదే.

మొదటి పద్ధతిలో కీలులోకి సన్నని కెమెరా పంపి, చిరిగిన పోగులను శుభ్రం చేసి, స్నాయువు అంటుకోవలసిన ఎముక ఉపరితలాన్ని కొద్దిగా గీకి నెత్తురు చెమర్చేలా చేస్తారు. ఆ తరువాత మిగిలి ఉన్న పై పొరలోనుంచే చిన్న రంధ్రం చేసి, దారాలు కట్టిన చిన్న మేకు వంటి యాంకరును ఎముకలో దింపుతారు. ఆ దారాలను చీలిన పొర గుండా పంపి, పైన ముడి వేస్తారు. స్నాయువు సహజంగా ఉన్న చోటు, పొడవు మారవు. శవాల భుజాలపై ప్రయోగశాలలలో లాగి చూసిన పరీక్షలలో ఈ కుట్టు ఎక్కువ బరువును తట్టుకున్నది, ఎముకకూ స్నాయువుకూ మధ్య ఎడమూ తక్కువగా వచ్చింది. మరి లోపం? ఇది చేయి తిరిగినవారి పని. లోపలి పొరను మరీ బిగించి లాగితే పై పొర ముడత పడుతుంది, కీలు బిగుసుకుపోతుంది, మొదటి నెలలలో నొప్పి ఎక్కువగా ఉంటుంది. పై పొర అప్పటికే వయసుతో నాసిరకమై ఉంటే, దానిని కాపాడి సాధించేది పెద్దగా ఉండదు కూడా.

రెండవ పద్ధతిలో ఆ పలుచని పై పొరను కూడా తొలగించి, పాక్షిక చీలికను పూర్తి చీలికగా మార్చి, ఆరోగ్యంగా ఉన్న అంచును తెచ్చి ఎముకకు ఒక వరుసగానో రెండు వరుసలుగానో యాంకర్లతో బిగిస్తారు. పూర్తి చీలికలకు ప్రతి భుజ శస్త్రవైద్యుడూ నిత్యం చేసే పనే ఇది. చెడిన కణజాలమంతా పోతుంది, రెండు పొరల బిగువులో తేడా వచ్చే సమస్య ఉండదు. అయితే కుట్టు విడిపోతే ఆసరాగా నిలిచే పాత పోగులు ఇక ఉండవు.

"మిగిలినదాన్ని తెంపడం" అనే మాట చెవికి కఠినంగా వినిపించడం సహజమే. కాని తొలగించేది కొన్ని మిల్లీమీటర్ల పొర. చెడిన దంతం చుట్టూ ఉన్న కొంత భాగాన్ని కూడా తీసి గాని వైద్యుడు నింపడు కదా.

ఇక ఏది మేలు అన్న ప్రశ్నకు మనుషులపై జరిగిన పరీక్షలు ఏమంటున్నాయి? 2012లో ప్రచురితమైన ఒక కొరియా అధ్యయనంలో 48 మందిని రెండు సమాన బృందాలుగా విభజించి, ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క పద్ధతిలో చికిత్స చేశారు. చివరికి రెండు బృందాలకూ నొప్పి తగ్గింది, చేయి పని చేసింది. పై పొరను నిలిపి కుట్టించుకున్నవారు మొదటి నెలలలో ఎక్కువ నొప్పి పడ్డారు, ఆలస్యంగా తేరుకున్నారు. విడదీసి కుట్టించుకున్నవారిలో ఇద్దరికి మాత్రం స్నాయువు తిరిగి తెగినట్లు ఎంఆర్ఐలో కనబడింది. ఆ తరువాత ఇటలీలోను, ఇతర చోట్లను జరిగిన పోలికలలోనూ, ఏడాది రెండేళ్ల తరువాత చూస్తే పెద్ద తేడా తేలలేదు. మా అభిప్రాయంలో దీని అర్థం ఒక్కటే. ఈ రెండింటిలో ఏది అన్నదానికన్నా, ఆ వైద్యునికి ఏది బాగా అలవాటు అన్నదానికి ఎక్కువ బరువు ఇవ్వవచ్చు. పై పొర దృఢంగా ఉండి, వయసు తక్కువై, పడిపోయినందువల్లనో దెబ్బ తగిలినందువల్లనో తెగితే నిలిపి కుట్టడం వైపు మొగ్గుతారు. ఏళ్ల తరబడి అరిగి పలుచబడినదైతే విడదీసి కుట్టడం వైపు మొగ్గుతారు. మీ నాన్నగారిది రెండవ కోవకు చెందినదై ఉండవచ్చు, కాని అది లోపల చూసినవారే చెప్పాలి.

లోపల చూసి చెప్పడం అన్నది ఊరక అన్న మాట కాదు. పాక్షిక చీలికలను పట్టుకోవడంలో ఎంఆర్ఐ, పూర్తి చీలికలను పట్టుకున్నంత నమ్మకంగా పని చేయదు. శస్త్రచికిత్స బల్ల మీద, కెమెరాలో చూస్తూ, కొలత గుర్తులున్న సన్నని కొక్కెంతో ఎముక ఎంత మేర బోసిగా బయటపడిందో కొలుస్తారు. స్నాయువు ఎముకకు అంటుకునే వెడల్పు సుమారు 12 మిల్లీమీటర్లు. 1990లో ఎల్‌మన్ అనే వైద్యుడు చేసిన వర్గీకరణ ప్రకారం లోతు 3 మిల్లీమీటర్లలోపు ఉంటే మొదటి దశ, 3 నుంచి 6 వరకు రెండవ దశ, 6 దాటితే, అంటే సగానికి మించితే, మూడవ దశ. సగం లోపయితే చిరుగులను శుభ్రం చేసి వదలడం, సగం మించితే కుట్టడం అనేది వాడుకలోకి వచ్చిన నియమం. ఇది ఒక సౌకర్యపు గీత మాత్రమే. పై ముఖం వైపు ఏర్పడిన చీలికలకు సగం దాకా ఎదురుచూడకుండానే కుట్టే వైద్యులు చాలామంది. ఆ వైపు చీలికలను శుభ్రం చేసి వదిలివేస్తే ఫలితాలు అంత బాగుండవని అనుభవం. కనుక శస్త్రచికిత్సకు సమ్మతి పత్రం మీద సంతకం చేసే ముందే, లోపల ఇలా కనిపిస్తే ఏమి చేస్తారు, అలా కనిపిస్తే ఏమి చేస్తారు అని రెండూ అడగండి. మత్తులో ఉన్న మనిషిని మధ్యలో లేపి అడగలేరు.

ఫిజియోథెరపిస్టు మాటను ఇంతవరకు పక్కన పెట్టాము. నిజానికి మొదట వినవలసినది ఆయన మాటనే. 1995లో అమెరికాలో భుజంలో ఏ నొప్పీ లేని 96 మందికి ఎంఆర్ఐ తీసి చూస్తే 34 శాతం మందికి ఏదో ఒక చీలిక కనబడింది. అరవై దాటినవారిలో అది 54 శాతం. అంటే నివేదికలో చీలిక ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని గాని, కుట్టి తీరాలని గాని తేలదు. పాక్షిక చీలికలున్నవారిలో చాలామందికి మూడు నుంచి ఆరు నెలల క్రమబద్ధమైన వ్యాయామంతో, బరువు పని మార్పుతో నొప్పి అదుపులోకి వస్తుంది. మీ ఉత్తరంలో ఎనిమిది నెలల నొప్పి అని ఉన్నదే గాని, ఆ ఎనిమిది నెలలలో ఎన్ని వారాలు వ్యాయామం చేశారో, బస్తాలు ఎత్తడం ఒక్క వారమైనా ఆపారో లేదో లేదు. బస్తా మోస్తూనే నొప్పి మాత్రలు మింగి గడిపిన ఎనిమిది నెలలను చికిత్స కాలంగా లెక్కించలేము.

ఈ సందర్భంలో మరో రెండు మాటలు. భుజంలోకి స్టెరాయిడ్ సూది వేస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. ఒకసారి, అవసరమైతే మరోసారి సరే. నొప్పి వచ్చినప్పుడల్లా వేయించుకుంటూ పోతే స్నాయువే మెత్తబడుతుంది. మధుమేహం ఉన్నవారికి ఆ సూది తరువాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, ముందే చెప్పి వేయించుకోవాలి. రెండవది, భుజపు కప్పు ఎముకను కింద నుంచి గీకి దారి వెడల్పు చేసే శస్త్రచికిత్స. ఒకప్పుడు భుజం నొప్పికి దీనిని విరివిగా చేశారు. 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, ఎముక గీకినవారికీ, కేవలం కెమెరా పెట్టి చూసి మూసివేసినవారికీ మధ్య రోగికి పనికివచ్చేంత తేడా కనబడలేదు. కాబట్టి ఎవరైనా 'ఎముక ముల్లు గీకితే చాలు' అంటే, ఎందుకు అని అడిగే హక్కు మీకున్నది.

మధుమేహం ప్రస్తావన వచ్చింది గనుక ఇంట్లోని స్త్రీల కోసం కూడా ఒక మాట. జడ వేసుకోలేక, వీపు వెనుకకు చేయి పోక బాధపడే నలభై, యాభై ఏళ్ల తల్లులు, అత్తగార్లు ఎందరో. వారిలో చాలామందికి ఉన్నది చీలిక కాదు, కీలు పొర బిగుసుకుపోవడం. దీనిని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ. చేతిని తాను ఎత్తలేకపోయినా మరొకరు మెల్లగా ఎత్తితే పైకి వెళ్లేది సాధారణంగా చీలిక. ఎవరు ఎత్తినా వెళ్లనిది బిగుసుకున్న భుజం. ఇంట్లో ఇది ఒక సూచన మాత్రమే, నిర్ధారణ వైద్యునిదే. దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు దక్కిందని గర్వించే మనం, ఆ ఉలి, సుత్తి పట్టే భుజాలను గూర్చి కూడా కొంచెం తలచుకోవాలి. గంటల తరబడి చేయి ఎత్తి చెక్కేవారు నడుమ నడుమ చేతిని దించి విశ్రాంతినిస్తే, పని ఎత్తును ఛాతీ మట్టానికి మార్చుకుంటే ఎంతో మేలు.

మీ వంటి పాఠకులు ప్రత్యేకంగా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. కొన్ని సందర్భాలలో స్నాయువు మీద ఒక పలుచని పట్టీని పరుస్తారు. నేడు ఎక్కువగా ప్రచారంలో ఉన్న కొలాజెన్ పట్టీ పశువు స్నాయువు నుంచి తయారయినది. ఇదివరకు పంది పేగు పొర నుంచి తయారయిన పట్టీ కూడా ఉండేది. పరీక్షలలో అది ఉపయోగం చూపలేదు, దానిని వాడవద్దని వైద్య సంఘాలే సూచించాయి. మానవ చర్మం నుంచి తీసిన పొరలూ ఉన్నాయి. పట్టీ వాడతారా, వాడితే అది దేనితో చేసినది అని ముందే అడిగితే వైద్యుడు నొచ్చుకోడు. పాక్షిక చీలికలలో చాలావాటికి ఏ పట్టీ అవసరం ఉండదు. యాంకర్లు లోహంవో, ప్లాస్టిక్ వంటి పదార్థానివో, శరీరంలో కరిగిపోయేవో అయి ఉంటాయి. వాటి విషయంలో ఈ చిక్కు సాధారణంగా ఉండదు.

శస్త్రచికిత్స తరువాత జరిగేది ముందే తెలిస్తే ఇంటివారికి సిద్ధపాటు ఉంటుంది. ఏ పద్ధతిలో కుట్టినా నాలుగు నుంచి ఆరు వారాలు చేయి స్లింగ్ పట్టీలోనే. ఆ రోజులలో వేరొకరు చేతిని కదిలించే వ్యాయామాలే. తరువాత తానుగా కదిలించడం, మూడు నెలలు దాటాక మెల్లగా బలం పెంచడం. 2006 మార్చిలో లండన్‌లో భుజానికి శస్త్రచికిత్స చేయించుకున్న సచిన్ టెండూల్కర్ తిరిగి భారత జట్టు తరఫున ఆడినది కొన్ని నెలల తరువాతనే. అంతటి వసతులు, శిక్షకులు ఉన్న క్రీడాకారునికే అన్ని నెలలు పట్టింది. బీడీ, సిగరెట్టు అలవాటు ఉంటే కుట్టు అతకడం ఆలస్యమవుతుంది. ఇది మీ నాన్నగారికి వర్తిస్తుందో లేదో మాకు తెలియదు, వర్తిస్తే నేటినుంచే ఆపించండి.

నమాజ్ సంగతి శస్త్రవైద్యుడు సాధారణంగా తనంతట తాను చెప్పడు, ఆయనకు తట్టకపోవచ్చు. సజ్దాలో అరచేతుల మీద బరువు పడుతుంది, లేచేటప్పుడు చేతితో నేలను అదిమి లేస్తాము. కుట్టు అతికే నెలలలో ఇవే ప్రమాదకరమైనవి. తక్బీర్‌లో చేయి ఎత్తడం కూడా మొదటి వారాలలో తగదు. వ్యాధిగ్రస్తులకు కూర్చుని, సైగలతో నమాజ్ చేసే వెసులుబాటు ఉన్నదని అందరికీ తెలిసినదే. కుర్చీ మీద ఎన్ని వారాలు చేయాలో వైద్యుణ్ణి, వుజూలో కట్టు మీద తడి చేతితో తుడవడం గురించి మీ ఊరి ఆలిమ్‌ను అడగండి. పట్టుదలతో నేల మీద సజ్దా చేసి కుట్టు తెంపుకునే పెద్దలు ఉంటారు, వారిని ఇంటివారే ఒప్పించాలి.

ఖర్చు మాట. శస్త్రచికిత్స కన్నా కూలి పోయే నెలలే పెద్ద ఖర్చని మీకు మేము చెప్పనక్కరలేదు. నరసరావుపేటలోనో గుంటూరు సర్వజనాసుపత్రిలోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఎముకల విభాగంలో పటాలు చూపి మూడవ అభిప్రాయం తీసుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ చికిత్స వస్తుందో ఆ ఆసుపత్రిలోని పథకం సహాయకులనే అడిగి, రాతలో తీసుకోండి.

చివరికి మీరు అడిగిన సీజను విషయం. పాక్షిక చీలిక గుండెపోటు వంటిది కాదు, రెండు మూడు నెలలు ఆగినంత మాత్రాన సాధారణంగా కొంప మునగదు. ఆ వ్యవధిని వ్యాయామానికి వాడమని మా సలహా. కాని ఆ రెండు మూడు నెలలు బస్తాలు ఎత్తుతూ గడిపితే ఆ మాట వర్తించదు. కాంటా వద్ద లెక్క రాసే పనో, గోతాలు కుట్టే పనో, భుజం మట్టానికి పైన చేయి ఎత్తనవసరం లేని మరేదో, కూలి కొంత తగ్గినా సరే, మేస్త్రీని అడిగి చూడండి. చేతిలో బలం ఒక్కసారిగా పడిపోయినా, పడిపోయి దెబ్బ తగిలి చేయి లేవకపోయినా మాత్రం సీజను చూడకుండా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. పన్నెండు వారాల వ్యాయామం తరువాత రాత్రి నిద్ర ఎలా ఉందో, జేబురుమాలు పైజేబులో పెట్టుకోగలుగుతున్నారో లేదో మాకు రాయండి. అప్పటి స్థితిని బట్టి ఏ వైద్యుని ఏమి అడగాలో మరో సంచికలో రాస్తాము.